ఇంట్లో బైక్ భాగాలకు ట్యూబ్ బెండర్: కొనేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

క్యారియర్, క్రాష్ గార్డ్, సీటు వెనక లూప్ లాంటివి సొంతంగా చేసుకోవాలనుకునేవారికి కటింగ్ మిషన్, వెల్డింగ్ మిషన్ తర్వాత మనసు పోయేది బెండర్ మీదికే, అంటే ట్యూబులను వంచే యంత్రం మీదికే. డబ్బు వృథా అయ్యేదీ ఎక్కువగా అక్కడే. నేనూ అలా పోగొట్టుకున్నవాడినే కాబట్టి ఈ జవాబుల్లో లెక్కలతో పాటు చేతులు కాల్చుకున్న అనుభవమూ ఉంటుంది.

ఒక్క మాటలో చెప్పండి, ఏ బెండర్ కొనాలి?

ఏ భాగం చేస్తారో చెప్పకుండా ఇలా అడగడం, కొలతలు ఇవ్వకుండా దర్జీని చొక్కా కుట్టమనడం లాంటిది. ముందు భాగం బొమ్మ కాగితం మీద గీయండి. పక్కన మూడు అంకెలు రాయండి: ట్యూబ్ బయటి వ్యాసం, గోడ మందం, వంపు వ్యాసార్ధం. ఈ మూడూ తేలితే ఏ డై కావాలో, అంటే ట్యూబ్ ఒదిగి వంగే గాడి ఉన్న ఏ దిమ్మ కావాలో తేలుతుంది. డై తేలితే, అది దొరికే యంత్రం ఏదో చూసుకోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు యంత్రం కొంటారు, తర్వాత దానికి దొరికిన డై కొంటారు, చివరికి ఆ డైకి సరిపడేలా భాగాన్నే మార్చుకుంటారు.

అయినా పట్టుబట్టి అడిగితే నా జవాబు ఇది: నేలకు బిగించి చేత్తో తిప్పే రోటరీ డ్రా బెండర్, దానికి ఒకే ఒక్క డై.

పైపు, ట్యూబ్ రెండూ ఒకటే కదా?

కాదు. బెండర్ విషయంలో ఈ తేడా తెలియకపోతే మొదటి రోజే దెబ్బతింటారు. పైపు నీళ్లూ గాలీ మోయడానికి పుట్టింది, దాని సైజు పేరుకు మాత్రమే. 1 అంగుళం పైపు అని కొన్నదాన్ని వెర్నియర్‌తో కొలిస్తే బయటి వ్యాసం 33.4 మి.మీ. వస్తుంది. ముప్పావు అంగుళం పైపు అయితే 26.7 మి.మీ. ట్యూబ్‌ను బయటి వ్యాసంతోనే పిలుస్తారు. 1 అంగుళం ట్యూబ్ అంటే బయట 25.4 మి.మీ.

నేను మొదట కొన్న, జాకీతో నెట్టి వంచే బెండర్ డై మీద ‘1 అంగుళం’ అని అచ్చు పోసి ఉంది. నా దగ్గరున్నదీ 1 అంగుళం ట్యూబే. ఇంకేం కావాలనుకుని పెట్టి జాకీ కొట్టాను. 33.4 మి.మీ. గాడిలో 25.4 మి.మీ. ట్యూబ్ వదులుగా కూర్చుంది. మొదటి పది డిగ్రీలు బాగానే వంగింది. తర్వాత జాకీ పిడి ఉన్నట్టుండి తేలికైంది. పని సులువైందని సంబరపడ్డాను. నిజానికి ట్యూబ్ వంగడం మాని నలగడం మొదలుపెట్టింది. తీసి కొలిస్తే ఒక దిక్కున 21 మి.మీ., ఇంకో దిక్కున 28 మి.మీ. సుత్తితో మళ్లీ గుండ్రంగా చేద్దామని దిగాను. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వంపు లోపలివైపు పగులు వచ్చింది.

అంగుళాలు, మిల్లీమీటర్ల కలగాపులగంతోనూ ఇలాంటి చిక్కే ఉంది. 22 మి.మీ. ట్యూబ్ 22.2 మి.మీ. డైలో బాగానే నడుస్తుంది. 25 మి.మీ. ట్యూబ్‌ను 25.4 మి.మీ. డైలో వంచితే కొంచెం కోలగా వస్తుంది, క్యారియర్‌కు ఫర్వాలేదు. 32 మి.మీ. ట్యూబ్ మాత్రం 31.75 మి.మీ. డైలోకి దిగనే దిగదు. డై కొనేముందు మీకు దొరికే ట్యూబ్‌ను వెర్నియర్‌తో కొలవండి, బిల్లు మీద రాసినదాన్ని నమ్మకండి.

హైడ్రాలిక్ జాకీ బెండర్ చవక కదా, అది అసలు పనికిరాదా?

పైపులకు పనికొస్తుంది, అది పుట్టిందే వాటి కోసం. రెండు చివర్లా రోలర్లు ఆనుకుని ఉంటాయి, మధ్యలో జాకీ ఒక డైని ముందుకు నెడుతుంది. ఒత్తిడంతా ట్యూబ్ లోపలి వంపు మీదే పడుతుంది. బయటి వైపు గోడకు ఏ ఆసరా లేదు. గోడ మందంగా ఉంటే తట్టుకుంటుంది, పలచగా ఉంటే చదునవుతుంది.

తట్టుకుంటుందా లేదా అన్నది ముందే అంచనా వేయడానికి చిన్న లెక్క ఉంది. బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగించండి. మామూలు నీళ్ల రకం 1 అంగుళం మందపాటి పైపు గోడ సుమారు 3.4 మి.మీ. అంటే 33.4 ని 3.4 తో భాగిస్తే దాదాపు 10. క్రాష్ గార్డ్‌కు వాడే 25.4 మి.మీ. ట్యూబ్, 1.6 మి.మీ. గోడ తీసుకుంటే 16. సైలెన్సర్ బెండ్ పైపు 38 మి.మీ., 1.2 మి.మీ. గోడ అయితే 32 దగ్గర. ఈ అంకె పెరిగేకొద్దీ ట్యూబ్ మొండితనం తగ్గి కాగితపు గొట్టంలా ప్రవర్తిస్తుంది. జాకీ బెండర్‌ను నేను 10 దాటాక నమ్మను.

రోటరీ డ్రా బెండర్‌లో అంత గొప్ప ఏముంది?

ఇందులో ట్యూబ్‌ను నెట్టరు, డై చుట్టూ లాగుతారు. గుండ్రటి డైకి అర్ధచంద్రాకారపు గాడి ఉంటుంది. ట్యూబ్ ముందు భాగాన్ని క్లాంపు ఆ డైకే బిగిస్తుంది. వెనక వైపు, అలాంటి గాడే ఉన్న పొడవాటి దిమ్మ ట్యూబ్‌ను డైకి ఒత్తి పట్టుకుంటుంది, దాన్ని ఫాలోయర్ అంటారు. డై తిరిగినప్పుడు క్లాంపు ట్యూబ్‌ను లాక్కుపోతుంది. వంపు పడేది ఎప్పుడూ డైకి, ఫాలోయర్‌కి మధ్య ఒకే చోట. అక్కడ ట్యూబ్ చుట్టూ లోహమే ఉంటుంది. కోలగా మారడానికి చోటు దొరకదు.

కిటుకంతా ఫాలోయర్‌లోనే ఉంది. దాని గాడికి కొంచెం గ్రీజు రాయండి, క్లాంపు గాడికి మాత్రం చుక్క నూనె కూడా తగలనీయకండి. అక్కడ ట్యూబ్ జారిందంటే వంపు లోపల ముడతలు ఖాయం.

లోపల మాండ్రెల్ పెట్టి వంచే యంత్రం కొంటే ఇంకా మంచిది కదా?

మంచిదే. కాని అది ఇంటి షెడ్డుకు సరిపోయే సంగతి కాదు. వంపు పడే చోట ట్యూబ్ లోపల మాండ్రెల్ అనే కదిలే గోళీల కడ్డీ ఒకటి నిలబడి గోడను లోపలి నుంచి ఆపుతుంది. ప్రతి వ్యాసానికీ, ప్రతి గోడ మందానికీ వేరే మాండ్రెల్ కావాలి. సైలెన్సర్ పైపుల్లో గట్టి వంపులు కావాలంటే తయారుగా అమ్మే మాండ్రెల్ బెండ్లు కొని, కావలసిన కోణానికి కోసి వెల్డ్ చేయడమే తెలివైన పని. నేను ఆ పనికి బెండర్ ముట్టుకోను.

ఏ భాగానికి ఏ సైజు ట్యూబ్?

హ్యాండిల్ బార్లు ఎక్కువగా 22.2 మి.మీ. క్రూయిజర్ బైకుల్లో 25.4 మి.మీ. కనిపిస్తుంది. మధ్యలో లావుగా ఉండే బార్లు క్లాంపు దగ్గర 28.6 మి.మీ. ఉండి, పిడుల దగ్గరికి వచ్చేసరికి 22.2 అవుతాయి. సామాన్ల క్యారియర్‌కు 12 నుంచి 16 మి.మీ. చాలు, సీటు లూప్‌కు 22 దగ్గర, క్రాష్ గార్డ్‌కు 22 నుంచి 28 వరకు. గోడ 1.6 నుంచి 2 మి.మీ. ఉంటే వంచడానికీ వెల్డింగ్‌కీ హాయిగా ఉంటుంది. అంతకంటే లావు ట్యూబ్ వాడితే ఈ భాగాలకు అక్కరలేని బలం కోసం బైక్‌కు బరువు తగిలించడం తప్ప ఒరిగేది లేదు.

వంపు వ్యాసార్ధం ఎలా ఎంచుకోవాలి?

అందరూ తేలిగ్గా దాటేసే ప్రశ్న ఇది. డై మీద రాసే వ్యాసార్ధం ట్యూబ్ మధ్యరేఖ వరకు కొలిచినది, లోపలి అంచు వరకు కాదు. ఇది తెలియకపోతే ప్రతి కొలతా ట్యూబ్ వ్యాసంలో సగం తప్పుతుంది.

సీటు లూప్‌నే తీసుకోండి. వెనక ఫ్రేమ్ రెండు కడ్డీల మధ్య దూరం, మధ్యరేఖల నుంచి కొలిస్తే, 200 మి.మీ. అనుకుందాం. ఒకే ఊపులో అర్ధచంద్రంలా 180 డిగ్రీలు తిప్పాలంటే వ్యాసార్ధం సరిగ్గా 100 మి.మీ. ఉండాలి. మీ దగ్గర 75 మి.మీ. డై ఉందా? అప్పుడు రెండు 90 డిగ్రీల వంపులు, మధ్యలో 50 మి.మీ. తిన్నని ముక్క. లెక్క కుదిరింది. కాని రెండో వంపు వేసేటప్పుడు క్లాంపు పట్టుకోవడానికి తిన్నటి చోటు కావాలి, అది చాలా యంత్రాల్లో ట్యూబ్ వ్యాసానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. 22 మి.మీ. ట్యూబ్‌కు 44 నుంచి 66 మి.మీ. అంటే మీ 50 మి.మీ. ముక్క క్లాంపు నోట్లో పట్టొచ్చు, పట్టకపోవచ్చు. యంత్రం కొనేముందు అడగాల్సిన కొలతల్లో క్లాంపు పొడవు ఒకటి. దాన్ని ఎవరూ అడగరు.

రెండో సంగతి లోహం ఎంత సాగాలి అన్నది. వంపు బయటి అంచు ఎంత శాతం సాగుతుందో తెలియాలంటే ట్యూబ్ వ్యాసాన్ని వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించండి. 22 మి.మీ. ట్యూబ్, 75 మి.మీ. డై అయితే 22 ని 150 తో భాగించాలి, సుమారు 15 శాతం. అదే 100 మి.మీ. డైలో 11 శాతం. వ్యాసానికి రెండు రెట్ల వ్యాసార్ధం అంటే 25 శాతం సాగుడు. మైల్డ్ స్టీల్ 15 శాతాన్ని నవ్వుతూ భరిస్తుంది. గట్టిపరిచిన 6061 టి6 అల్యూమినియం 10 శాతం దరిదాపుల్లోనే తెగిపోయే రకం. ఇది మోటు అంచనాయే, కాని డబ్బు పెట్టేముందు తప్పు డైని పక్కన పెట్టడానికి చాలు. ట్యూబ్ వ్యాసానికి మూడు నాలుగు రెట్లు ఉన్న వ్యాసార్ధం ఇంటి పనికి సుఖం.

మొదట ఎన్ని డైలు కొనాలి?

ఒకటి. ప్రతి డై ఒక వ్యాసానికీ ఒక వ్యాసార్ధానికీ మాత్రమే పనికొస్తుంది, నాలుగైదు సెట్లు చేరితే వాటి ఖర్చు యంత్రాన్ని మించిపోతుంది. ఒకే సైజు ట్యూబ్‌తో మీ భాగాలన్నీ గీసుకోండి. అలా గీసినవి చూడటానికీ పొందికగా ఉంటాయి.

ఏ లోహపు ట్యూబ్ కొనాలి?

నేర్చుకునేటప్పుడు మామూలు ఈఆర్‌డబ్ల్యూ మైల్డ్ స్టీల్, అంటే పట్టీని చుట్టి అతుకు వేసిన ట్యూబ్. ఫ్రేమ్‌కు అంటుకుని బరువు మోసే భాగాలకు అతుకులేని సీమ్‌లెస్ ట్యూబ్ మేలు. 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) బలమైనదే, కాని అందులో మెప్పంతా పలచటి గోడ వాడినప్పుడే దక్కుతుంది, పలచటి గోడ వంచడమే కష్టం. 304 స్టెయిన్‌లెస్ బాగా సాగుతుంది, అయితే వంగుతూ వంగుతూ గట్టిపడుతుంది, ఇనుప ఫాలోయర్‌కు రాసుకుంటే గీతలు పడతాయి. దానికి కంచు జాతి లోహపు ఫాలోయర్ వాడతారు.

జింక్ పూత ఉన్న గాల్వనైజ్డ్ పైపు మాత్రం వద్దు. వంచితే పూత పొరలుగా లేస్తుంది, వెల్డ్ చేస్తే వచ్చే పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలి జ్వరం పట్టుకుంటుంది.

ట్యూబ్ లోపల కనిపించే అతుకు గీత ఎటువైపు ఉండాలి?

వంపుకు పక్కవైపు. బయటి వైపు గోడ సాగుతుంది, లోపలి వైపు కుంచించుకుంటుంది. పక్కన రెండూ దాదాపు ఉండవు. బిగించేముందు ట్యూబ్ చివర్లో దీపం పెట్టి చూసి, గీత ఉన్న చోట మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.

90 డిగ్రీలకు వంచితే 87 మాత్రమే వస్తోంది. యంత్రంలో లోపమా?

కాదు. లోహం వదలగానే కొంచెం వెనక్కి వస్తుంది, దాన్నే స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. నా దగ్గర మైల్డ్ స్టీల్ 90 డిగ్రీలకు రెండు మూడు డిగ్రీలు వెనక్కి వస్తుంది. క్రోమోలీ, స్టెయిన్‌లెస్ ఇంకా ఎక్కువ. కాబట్టి 93 దగ్గర ఆపాలి. తక్కువైతే మళ్లీ పెట్టి తిప్పవచ్చు. ఎక్కువైతే వెనక్కి విప్పడం చేతకాదు, అందుకని ఎప్పుడూ ఒక డిగ్రీ ముందే ఆగి కొలవండి.

ట్యూబ్ ఎంత పొడవు కోయాలి?

వంపులో ఖర్చయ్యే పొడవు: వ్యాసార్ధాన్ని కోణంతోనూ 3.1416 తోనూ గుణించి 180 తో భాగించాలి. 100 మి.మీ. వ్యాసార్ధం, 90 డిగ్రీలు అయితే 157 మి.మీ. ఇప్పుడు ఎల్ ఆకారంలో ఒక భుజం 300, ఇంకోటి 200 మి.మీ. కావాలనుకోండి, మధ్యరేఖలు కలిసే మూల నుంచి కొలిస్తే. రెండూ కలిపితే 500. కాని ట్యూబ్ మూల దాకా పోకుండా అడ్డదారిన మళ్లుతుంది కదా, 43 మి.మీ. మిగులుతుంది. కోయాల్సింది 457. వంపు మొదలయ్యే గుర్తు 300 భుజం చివరి నుంచి 200 మి.మీ. దగ్గర పెట్టాలి. ఇది 90 డిగ్రీలకు మాత్రమే వర్తించే సులువు. వేరే కోణాలైతే బొమ్మ పూర్తి సైజులో నేల మీద సుద్దతో గీసి సన్నటి తీగ వంచి చూసుకోవడం నాకు లెక్కకంటే నమ్మకం.

రెండో వంపు మొదటిదానితో ఒకే తలంలో రావడం లేదు. ఎందుకు?

క్లాంపు బిగించేటప్పుడు ట్యూబ్ ఒక డిగ్రీ తిరిగిపోతుంది, కంటికి ఆనదు. వంచకముందే ట్యూబ్ పొడవునా తిన్నని గీత గీయండి, మొదటి వంపు భుజం మీద డిజిటల్ కోణమాపకం పెట్టి, బిగించాక మళ్లీ ఒకసారి చూడండి.

నేలకు బోల్టులు దింపడం తప్పదా? చక్రాల బండి మీద పెట్టుకుంటే?

పొడవాటి పిడి ఉన్న బెండర్‌ను చక్రాల మీద పెట్టడం నేల విడిచి సాము చేయడమే. మీరు పిడిని తోస్తుంటే యంత్రం మిమ్మల్ని తోస్తుంది. వంచడానికి పట్టే బలం, గోడ మందం ఒకటే అయితే, వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 22 మి.మీ. నుంచి 38 మి.మీ. ట్యూబ్‌కు వెళితే దాదాపు మూడింతలు. కాంక్రీటులో దిగిన యాంకర్ బోల్టులే దానికి జవాబు. చోటు లేనివారికి హైడ్రాలిక్ సిలిండర్‌తో తిరిగే రోటరీ డ్రా బెండర్లు ఉన్నాయి, వాటిలో తోపులాట అంతా యంత్రంలోనే ఇమిడిపోతుంది. నిదానం, ఖర్చు ఎక్కువ, కాని బల్ల మీదే పనైపోతుంది.

బిగించే చోటు చూసుకునేటప్పుడు యంత్రానికి కాదు, ఊగే ట్యూబ్‌కు చోటు చూడండి. రెండు మీటర్ల ట్యూబ్ 90 డిగ్రీలు తిరిగితే గోడకున్న స్విచ్ బోర్డు దాకా వస్తుంది.

ఇసుక నింపి వేడి చేసి వంచితే బెండర్ అక్కరలేదంటారు. నిజమేనా?

పాతకాలపు పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. సన్నటి ఇసుకను కుక్కి కుక్కి నింపి, రెండు చివర్లా బిరడాలు కొట్టి, వంపు చోటు ఎర్రగా కాల్చి, గుండ్రటి దిమ్మ చుట్టూ లాగాలి. ఇసుకలో తడి ఉంటే అది ఆవిరై బిరడాను తూటాలా విసురుతుంది. ఇసుకను పెనం మీద వేయించి ఎండబెట్టాలి, ఒక బిరడాకు సన్నటి రంధ్రం ఉంచాలి, ట్యూబ్ చివరలకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. వంపులు ఒకదానిలా ఒకటి రావు. ఒక్క భాగానికైతే సరే, కుడి ఎడమ జత కావాలంటే ఏడుపే.

ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు చేసేవారు ఇదే పనికి గొట్టంలో సబ్బునీళ్లు పోసి గడ్డకట్టించి వంచుతారు. చూడముచ్చటైన పద్ధతి, క్రాష్ గార్డ్‌కు ఉపయోగం లేదు.

మూడు రోలర్ల బెండర్ ఎలా ఉంటుంది?

పెద్ద పెద్ద వలయాలకు, సున్నితమైన వంపులకు బాగుంటుంది. మోచేయి లాంటి వంపు దానితో రాదు.

వంపు లోపల ముడతలు పడుతున్నాయి. ఏం చేయాలి?

ముందు క్లాంపు జారిందేమో చూడండి: ట్యూబ్ మీద దాని పక్కనే గీత గీసి వంచితే తెలిసిపోతుంది. జారకపోతే ఫాలోయర్ వదులుగా ఉందన్నమాట, ఇంకో పావు తిప్పు బిగించండి. రెండూ సరిగ్గా ఉన్నా ముడత వస్తుంటే ఆ వ్యాసార్ధానికి గోడ పలచనైంది. 1.2 మి.మీ. తీసి 1.6 మి.మీ. పెట్టండి.

పాత యంత్రం కొనవచ్చా?

కొనవచ్చు. రంగు చూడకండి. డై గాడిలో గీతలు, అంచుల్లో చిట్లు, పిన్నులు కూర్చునే రంధ్రాలు కోలగా అరిగి ఉన్నాయేమో వేలు పెట్టి తడిమి చూడండి. మీ ట్యూబ్ ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడే వంచమనండి. అమ్మేవారు దానికి జంకితే తిరిగి వచ్చేయండి.

ఇంట్లో చేయకూడని భాగాలు ఏవి?

ఫోర్కు, స్వింగ్ ఆర్మ్, బ్రేకులు బిగించే బ్రాకెట్లు. హ్యాండిల్ బార్ కూడా నా లెక్కలో ఇందులోనే ఉంది: అది విరిగే అవకాశం ఎక్కువగా గట్టిగా బ్రేకు వేసిన క్షణంలోనే. పడి వంగిన బార్‌ను బెండర్‌లో పెట్టి నిటారు చేయడం ఇంకా ప్రమాదం, ఒకసారి వంగిన చోట లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది, క్రోమ్ పూత కింద పగులు కనిపించదు.

ఏడాదికి ఒకటి రెండు భాగాలే చేస్తాను. అయినా కొనాలా?

వద్దు. బొమ్మ గీసి, కొలతలు రాసి, వంచి ఇచ్చే వర్క్‌షాపులో ఇవ్వండి. మధ్యరేఖ కొలతలతో బొమ్మ ఇస్తే వారికీ సంతోషమే.

యంత్రం వచ్చింది, బిగించాను. మొట్టమొదట ఏం వంచాలి?

భాగం కాదు, తుక్కు ముక్క. అర మీటరు ట్యూబ్ తీసుకుని చివరి నుంచి 200 మి.మీ. దగ్గర గుర్తు పెట్టండి. ఆ గుర్తును డై అంచుకు సరిగ్గా కలిపి బిగించి, యంత్రం మీది కొలబద్దలో 90 దాకా తిప్పి వదలండి. ఇప్పుడు మూడు కొలవండి: నిజంగా వచ్చిన కోణం, వంపు మొదలైన చోటు మీ గుర్తుకు ఎంత ఇటో అటో, వంపు మధ్యలో ట్యూబ్ వెడల్పు రెండు దిక్కులా. వంపు 3 మి.మీ. ముందే మొదలైతే ఇకమీదట ప్రతి గుర్తునూ 3 మి.మీ. జరపాలి. ఆ అంకెలను పెయింట్ మార్కర్‌తో డై మీదే రాయండి, నోటుపుస్తకంలో రాస్తే గ్రీజు చేతులతో వెతకలేరు. నా 22 మి.మీ. డై మీద ‘+3 డిగ్రీలు, –4 మి.మీ.’ అని తెల్ల రంగుతో రాసి ఉంటుంది.